గోడకన్ను నోము

నమోదు 1. జూన్ 3
గాలి: నైరుతి, ఓ మోస్తరు. బయటికెళ్ళిన పడవలు: లేవు.

పై రెండు మాటలూ రాయందే నాకు కలం కదలదు. గంగాలపేట రేవులో వైర్‌లెస్ గదిలో కూర్చుని ముప్ఫై ఒక్క ఏళ్ళు పడవలతో మాట్లాడినదాన్ని. ఏ పడవ ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు తిరిగొచ్చింది, గాలి ఎటుంది, ఇదే రాత. ఆ రేవుని సముద్రం తీసుకుపోయి పంతొమ్మిదేళ్ళయింది. మమ్మల్ని తెచ్చి ఈ కొండ మీద దిమ్మలనే అంతస్తుల ఇళ్ళల్లో పెట్టారు. ఇప్పుడు చేపలు తొట్లలో పెరుగుతున్నాయి, సముద్రం మీదికి ఎవరినీ పోనివ్వరు. ఊరు వదిలేటప్పుడు నేను తెచ్చుకున్నవి రెండే. రాయని చిట్టా పుస్తకాలు ఓ కట్ట, మా ఆయన.

ఇన్నాళ్ళకి పుస్తకం తీశానంటే కారణం ఉంది. పొద్దున స్నానాల గదిలో ఈయన జారి పడ్డాడు. ఈయనంటే మా ఆయన, గరికిన లోవరాజు. డెబ్భై ఎనిమిదేళ్ళు, ఎనభై రెండు కిలోలు. "లెగు మావా" అంటే, "నువ్వెవురివి? మా ఆవిడొస్తే ఊరుకోదు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక చంకల్లో చేతులు పెట్టి లేపాను. నా పొత్తికడుపులో ఏదో పుటుక్కుమంది.

దిమ్మ కింద ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి హెర్నియా అంది. నీళ్ళ చెంబు కంటే బరువైనదేదీ ఎత్తొద్దంది.

"మరి మా ఆయన్నెవరెత్తుతారమ్మా?"

"చేతికర్రకి పెట్టుకోండి."

చేతికర్ర అంటే సర్కారు పథకం. ముసలివాళ్ళున్న ఇంటికి వారానికి ఇన్ని గంటలని ఒక తోడుయంత్రాన్ని పంపుతారు. స్నానం, బట్టలు, ముద్ద పెట్టడం అన్నీ అదే చూస్తుంది. మనం పైసా కట్టక్కర్లేదు. కాకపోతే మనకి చేతకాదని వాళ్ళకి నమ్మకం కుదరాలి. దరఖాస్తు పెట్టేశాను. ఈయన చేత వేలిముద్ర వేయిస్తుంటే ప్యాడు మీద ఈగ వాలిందనుకుని గట్టిగా ఒక్కటి కొట్టాడు.

నమోదు 2. జూన్ 9
గాలి: నైరుతి. బయటికెళ్ళిన పడవలు: లేవు.

గోడకన్నులు బిగించారు, మనిషిని కనిపెట్టి చూసే కెమెరాలు. పడగ్గదిలో ఒకటి, వంటింట్లో ఒకటి, స్నానాల గదిలో ఒకటి.

"అక్కడ కూడానా బాబూ?" అన్నాను సిగ్గేసి.

"పడిపోయేది ఎక్కువ అక్కడేనండీ" అన్నాడు విచారణాధికారి. మేడిశెట్టి శశాంక్ అని నలభై దాటిన మనిషి. మర్యాదగానే ఉన్నాడు. ఇచ్చిన మజ్జిగ తాగి గ్లాసు తనే కడిగిపెట్టాడు. "ముప్ఫై రోజులు ఆయన్ని చూస్తదండి ఇది. కాళ్ళు, చేతులు, మాట, గుర్తు, శుభ్రం. ఒక్కోదానికీ ఇరవై మార్కులు. మొత్తం వందకి నలభై లోపొస్తే తోడు మంజూరవుద్దండి."

"నలభై దాటితే?"

"దాటితే ఆయన పని ఆయన చేసుకోగలరని అండి."

"తన పేరే తెలియని మనిషి బాబూ."

"అది గుర్తులో కనపడుద్దండి. దేని లెక్క దానిదే." ఇంకో మాట కూడా చెప్పాడు. "మీకు బరువులెత్తొద్దని డాక్టరు గారు రాసిచ్చేరు కదండీ. అంటే ఇంట్లో చూసే మనిషి లేనట్టే రికార్డుకెక్కింది. అంచేత రెండుసార్లు నలభై దాటితే మటుకు ఆయన్ని గట్టు భవనానికి తీసుకెళ్ళిపోతారండి. రూలు అలా ఉంది."

గట్టు భవనమనే ముసలివాళ్ళ ఆశ్రమం ఇక్కడికి రెండు వందల కిలోమీటర్లు లోపలికి ఉంది. మగాళ్ళొక పక్క, ఆడాళ్ళొక పక్క. చూడ్డానికి నెలకోసారి బస్సు. మా దిమ్మ నుంచి వెళ్ళిన ముగ్గురూ ఏడాది తిరక్కుండానే పోయారు. తన పని తాను చేసుకోగలడు కాబట్టి తోడు ఇవ్వరట, చూసే దిక్కులేదు కాబట్టి తీసుకుపోతారట. రెండు మాటలూ ఒకే నోటితో చెప్పాడు ఆ మారాజు. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ ఇంకో గ్లాసు మజ్జిగ ఇచ్చాను.

వెళ్తూ వెళ్తూ ఈ పుస్తకం చూసి ముచ్చటపడ్డాడు. గోడకన్నుకి చేతిరాత చదవడం రాదట. ఈ రోజుల్లో ఎవరు రాస్తున్నారండీ అన్నాడు. మంచిదే.

నమోదు 3. జూన్ 17
గాలి: నైరుతి, జల్లులు. బయటికెళ్ళిన పడవలు: లేవు.

ఈయన రోజు ఎలా గడుస్తుందో ఒకసారి రాసి పెడతాను.

కాఫీ తాగగానే కిటికీ పక్క మేకు దగ్గర కూర్చుంటాడు. మేకుకి సగం వల వేలాడుతూ ఉంటుంది. కుడి చేతిలో వెదురు సూది, ఎడమ చేతిలో చెక్కబద్ద. దారాన్ని బద్ద మీంచి తిప్పి, పై వరసలోంచి సూది దూర్చి, చుట్టి లాగుతాడు. లాగినప్పుడల్లా చిన్నగా "ఊఁ" అంటాడు. ముడి బిగిసిందని దానర్థం. పెళ్ళయిన కొత్తలో ఆ "ఊఁ" వింటే నాకు నవ్వాగేది కాదు. ఇప్పుడు వంటింట్లో నిలబడి ఉన్నా అది వినపడుతుంటే ధైర్యంగా ఉంటుంది. మనిషి కూర్చున్న చోటే ఉన్నాడన్న మాట.

నా పేరు ఈయన బుర్రలోంచి పోయి మూడేళ్ళయింది. పిల్లలు లేరు కాబట్టి మరిచిపోవడానికి ఇంకే పేర్లూ లేవు, మా పడవ పేరు తప్ప. అదీ ఈ మధ్యే పోయింది. చొక్కా ఎటు తొడుక్కోవాలో తెలియదు. అన్నం తిని ఇంకా పెట్టలేదంటాడు. కానీ సూది చేతికిచ్చామా, పాతికేళ్ళ లోవరాజే. ఒక్క ముడి తప్పు పోదు.

నైలాను దారం ఇప్పుడెక్కడా దొరకదు. వలలు ఎవరిక్కావాలి? నా దగ్గర ఉన్నవి రెండు ఉండలు, ఒకటి ఈయన వాడకంలో ఉంది, రెండోది దాచి ఉంచాను. అందుకని మధ్యాహ్నం ఈయన కునుకు తీస్తున్నప్పుడు, పొద్దున అల్లినదంతా విప్పేసి దారం మళ్ళీ సూదికి చుట్టి పెడతాను. లేచి మళ్ళీ అక్కణ్ణించే మొదలెడతాడు. ఆరేళ్ళుగా ఇదే సగం వల. ఈయన వేసిన ముడి గట్టిదే గానీ, ఒక పక్కకి నొక్కితే వదులవుతుంది. ఆ కిటుకు ఈయనే నేర్పాడు, పడవ మీద కాపురం పెట్టిన రోజుల్లో.

నమోదు 4. జూలై 10
గాలి: నైరుతి, ఉధృతం. బయటికెళ్ళిన పడవలు: లేవు.

ఫలితం వచ్చింది. గోడ మీది తెర "అభినందనలు" అంటూ మొదలెట్టింది. సర్కారు ఎప్పుడూ మంచి కబురుకి అభినందించదు.

కాళ్ళు పదమూడు. చేతులు ఇరవై. మాట ఏడు. గుర్తు రెండు. శుభ్రం అయిదు. మొత్తం నలభై ఏడు.

చేతులు ఇరవైకి ఇరవై! తన లాల్చీ బొత్తం పెట్టుకోలేని మనిషికి. సహాయవాణికి ఫోను చేశాను. అక్కడ మాట్లాడేదీ యంత్రమే, గొంతు మాత్రం పంచదార పాకం.

"మీ కుటుంబ సభ్యులు రోజుకు సగటున ఆరున్నర గంటలు క్లిష్టమైన చేతిపని చేస్తున్నారండి. వారి వయసులో ఇది చాలా అరుదు."

"అల్లుతాడమ్మా. అల్లడం తప్ప ఇంకేమీ రాదు. కంచం ముందు పెడితే చూస్తూ కూర్చుంటాడు."

"అన్నం కలపగల నైపుణ్యం వారి చేతులకు ఉందని నమోదయిందండి."

"నైపుణ్యముంటే చాలా? కలపాలని తెలియొద్దూ?"

"అది గుర్తు విభాగంలోకి వస్తుందండి. అక్కడ మీకు ఇప్పటికే రెండు మార్కులే వేశాం."

అరగంట నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆ కన్ను ఈయన అల్లడం చూసింది గానీ నేను విప్పడం చూడలేదు. దరఖాస్తులో పేరున్న మనిషినే చూస్తుందట అది. ఇంకొక్కసారి పరీక్షకి పెట్టుకోవచ్చంది పంచదార గొంతు. అదే ఆఖరు.

అంతసేపూ ఈయన కిటికీ పక్క "ఊఁ", "ఊఁ" అంటూనే ఉన్నాడు. జన్మలో మొదటిసారి ఆ చప్పుడు వింటే నాకు కోపమొచ్చింది.

నమోదు 5. జూలై 13
గాలి: నైరుతి. బయటికెళ్ళిన పడవలు: లేవు.

బట్టలారేయడానికి డాబా మీదికి వెళ్తే పక్కింటి అప్పలకొండ పట్టుకుంది. డాబా మీద కన్నులుండవు. ఏడ్చేశాను దాని ముందు.

"వదినా, ఇంతకాలం ఈ దిమ్మలో ఉండి నీకు తెలవదేటి?" అంది. "నోము పట్టకుండా ఎవురికొచ్చింది తోడు?"

"ఏం నోమే?"

"గోడకన్ను నోము. ముప్పై రోజులూ ఓ వస్తువు దాచేత్తాం. మా అత్తకి కళ్ళజోడు దాచేసేను. గోడలట్టుకుని నడిసింది, పాపం. ఇరవై రెండొచ్చింది. కింద కాసులమ్మ వాళ్ళ నాన్నకి పళ్ళసెట్టు దాచేసింది. ఆయన నమల్లేక, మాటాడలేక నానా అవస్తా పడ్డాడనుకో. అయితేనేం, ఇయ్యాళ మారాజులా పొద్దున్నే తోడు చేత నీళ్ళోయించుకుంటన్నాడు."

"పాపం కదే."

"పాపవే. అందుకే నోమన్నాం. ఉత్తినే దాచేత్తే పాపం, నోమనుకుంటే కాదు." నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకుంది. "అన్నం మానిపించమన్నానా? మందు మానిపించమన్నానా? ఆ సూదొక్కటీ తీసెయ్యి. నెల్లాళ్ళు. ఆనక నీ సూది నీకే, నీ మావ నీకే. లేపోతే గట్టు భవనం బస్సెక్కించి, నెలకోపాలి టిక్కెట్టు కోసుకో."

అప్పలకొండ చెడ్డది కాదు. ఈయన జారిపడ్డ రోజు నన్ను కిందికి మోసుకెళ్ళింది అదే. తడిబట్టలు తీగ మీద వేస్తూ ఆలోచించాను. ముడి ఒకసారి చేతికొచ్చాక చచ్చేదాకా పోదని మా రేవులో అందరం అనుకునేవాళ్ళం. వేలు తెగిన వాళ్ళు, చూపు పోయిన వాళ్ళు, తాగి ఒళ్ళు తెలియని వాళ్ళు, అందరూ అల్లేవారు. నెల్లాళ్ళకి ఎక్కడికి పోతుంది? అదీ నా ధైర్యం.

నమోదు 6. జూలై 16. నోము మొదటి రోజు
గాలి: నైరుతి. బయటికెళ్ళిన పడవలు: లేవు.

పొద్దున ఈయన్ని అల్లనిచ్చాను. నాలుగు వరసలు వేశాడు. రెండో పరీక్షకి పెట్టుకున్నాను కదా, మధ్యాహ్నం నుంచి కన్ను మళ్ళీ తెరుస్తామని పదకొండు గంటలకి కబురొచ్చింది. ఈయన కునుకు తీయగానే సూదిని బియ్యం డబ్బాలో అడుగుకి దింపాను. బద్ద, దారం ఉండ పెట్టెలో పెట్టాను. మేకున ఉన్న సగం వల మడిచి దాని మీద పెట్టాను. ఆ పొద్దున అల్లిన నాలుగు వరసలూ విప్పలేదు, చేతులు రాలేదు.

లేచి వచ్చి మేకు దగ్గర కూర్చున్నాడు. కుడి చెయ్యి చాపాడు, సూది కోసం. అక్కడ లేదు. నావైపు చూశాడు. నేను కూరలు తరుగుతున్నట్టు నటించాను.

నమోదు 7. జూలై 19. నాలుగో రోజు
గాలి: పడమర. బయటికెళ్ళిన పడవలు: లేవు.

ఈ మనిషి చేతులు ఊరుకోవడం లేదు. మొదటి రోజు తువ్వాలు అంచు పోగులు లాగి ముడులేశాడు. తువ్వాలు తీసేశాను. చాప పీకి ముడులేశాడు. చాప తీసేశాను. లుంగీ అంచుల మీద పడితే కుట్టు అంచుల పంట్లాం తొడిగాను. కన్ను చూస్తూ ఉంది, ప్రతి ముడికీ మార్కులు పడతాయి.

ఇవాళ అన్నం పెడుతూ పక్కన కూర్చుంటే నా పమిట చెంగు అందుకున్నాడు. కొసన మూడు పోగులు లాగి, వేలి మీంచి తిప్పి, చక్కగా ముడి వేసి "ఊఁ" అన్నాడు. నా వైపు చూసి నవ్వాడు కూడా. మూడేళ్ళలో నన్ను చూసి అలా నవ్వలేదు.

నేను చెంగు లాగేసుకున్నాను. గట్టిగానే లాగాను. ఆయన చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. ఛీ, ఏం బతుకు నాది అనుకున్నాను. అయినా చెంగు బొడ్లో దోపుకునే మిగతా అన్నం పెట్టాను.

నమోదు 8. జూలై 26. పదకొండో రోజు
గాలి: నైరుతి, ఈదురు. బయటికెళ్ళిన పడవలు: ఒకటి.

ఆ ఒకటి నా అబద్ధం.

"సూదేదే?" అని నిన్నటి నుంచి ఒకటే గోల. "ఏదే సూది? నా సూదెవుడట్టుకెళ్ళేడు?" గదిలో ఈ మూలనుంచి ఆ మూలకి. తల ప్రాణం తోకకొచ్చి, "పడవలో మరిచిపోయావు మావా" అనేశాను.

అలా అని పప్పు దించడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి తలుపు తీసి ఉంది. నాలుగంతస్తులు దిగి, కొండ దారిన దిగి, నీటి దాకా పోయాడు. మా ఊరు మునిగిన చోటికి. అప్పలకొండా నేనూ పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చూస్తున్నాడు. కెరటం కొడుతుంటే తడబడుతున్నాడు. పరుగుకి నా కడుపులో నొప్పి కత్తి పెట్టి కోసినట్టు లేచింది.

"పడవ నేదే" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"వేటకెళ్ళింది మావా. నీ సూది అందులోనే ఉంది. వచ్చేస్తాది."

"ఎవురు తోలుకెళ్ళేరు?"

"మీ తమ్ముడు." మరిది పోయి ఇరవై ఏళ్ళు.

దానికి సరేనన్నాడు. మా ఇద్దరి భుజాల మీదా చేతులేసి పైకొచ్చాడు. అప్పట్నుంచీ కిటికీ దగ్గర కూర్చుని సముద్రం వైపు చూస్తున్నాడు. పడవలు వెళ్తే రాయడం నా పని, అందుకని రాశాను.

నమోదు 9. ఆగస్టు 3. పంతొమ్మిదో రోజు
గాలి: నైరుతి. బయటికెళ్ళిన పడవలు: ఒకటి. తిరిగిరాలేదు.

సూది అడగడం మానేశాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాడు. ముందు రెండు మూడు రోజులు బొటనవేలు చూపుడువేలు మీద రాసుకుంటూ ఉండేది, సూది తిప్పినట్టు. ఇప్పుడు అదీ లేదు.

నిజం చెప్పాలి. చేతులు ఆగిపోతే నాకు సంతోషమేసింది. అమ్మయ్య, మార్కులు పడవు అనుకున్నాను. ఆ తర్వాత పొయ్యి దగ్గరికెళ్ళి నా చెంపలు నేనే వాయించుకున్నాను.

ఇల్లంతా చప్పుడు లేదు. ఈయన ఎక్కడున్నాడో తెలియడానికి పది నిమిషాలకోసారి వచ్చి చూసుకోవాల్సి వస్తోంది.

నమోదు 10. ఆగస్టు 7. ఇరవై మూడో రోజు
గాలి: నిమ్మళం. బయటికెళ్ళిన పడవలు: ఒకటి. తిరిగిరాలేదు.

బియ్యం కొలుస్తుంటే సూది చేతికి తగిలింది. బయటికి తీశాను. ఈయన చెయ్యి పట్టే చోట వెదురు నున్నగా, నల్లగా అయిపోయింది. ఇచ్చేద్దామనిపించింది. ఏమైతే అదే అవుతుంది, అల్లుకోనీ అనుకుని రెండడుగులు వేశాను కూడా.

ఇంకెంత, ఏడు రోజులే కదా అనుకున్నాను. ఇన్నాళ్ళూ పడ్డ కష్టం గంగలో కలుస్తుందనుకున్నాను. ఇప్పుడిస్తే బస్సెక్కించేస్తారనుకున్నాను. సూదిని మళ్ళీ బియ్యంలోకి దింపేశాను.

నమోదు 11. ఆగస్టు 16
గాలి: నైరుతి. బయటికెళ్ళిన పడవలు: ఒకటి. తిరిగిరాలేదు.

కాళ్ళు పన్నెండు. చేతులు మూడు. మాట అయిదు. గుర్తు ఒకటి. శుభ్రం నాలుగు. మొత్తం ఇరవై అయిదు. వారానికి పద్దెనిమిది గంటలు తోడు మంజూరు. ఈసారి తెర అభినందించలేదు, "చింతిస్తున్నాం" అంది.

శశాంక్ స్వయంగా వచ్చి కన్నులు విప్పుకుపోయాడు. చేతుల మార్కులు చూసి నా మొహం కేసి చూశాడు. తెలిసిపోయిందని నాకూ తెలిసింది.

"చాలామంది ఇంతేనండీ" అన్నాడు తల వంచుకుని, స్క్రూలు జేబులో వేసుకుంటూ. "నేనేమీ రాయను."

అప్పలకొండ శనగలు నానబోసి తెచ్చింది, పసుపూ కుంకుమా తెచ్చింది. నోము తీరిందని అయిదుగురు ఆడాళ్ళకి వాయనమిచ్చాను. అందరూ ఎంత బాగుందమ్మా, ఒక్క నెలలో సాధించావన్నారు. వాళ్ళెప్పుడు వెళ్తారా అని చూస్తున్నాను నేను.

వెళ్ళగానే సగం వల మేకుకి తగిలించాను. దారం చుట్టి సూది సిద్ధం చేశాను. "మావా, పడవొచ్చింది. ఇదిగో నీ సూది" అని చేతిలో పెట్టాను.

అటూ ఇటూ తిప్పి చూశాడు. మొన చూశాడు. వల వైపు చూశాడు, గోడ వైపు చూసినట్టే. ఆయన చెయ్యి పట్టుకుని బద్ద మీంచి దారం తిప్పించాను. వదిలేస్తే చెయ్యి కిందికి వాలిపోయింది. మళ్ళీ పట్టించాను. మళ్ళీ వాలిపోయింది. అరగంట అలా చేశాను. ఆఖరికి విసుక్కోకుండా, చాలా మర్యాదగా, సూది నా చేతికి తిరిగిచ్చేశాడు.

"ఎవురిదో పారేసుకున్నారమ్మా" అన్నాడు. "పాపం, ఎతుక్కుంటంటారు. ఇచ్చెయ్యండి."

మీరు అన్నాడు నన్ను. యాభై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి.

నమోదు 12. ఆగస్టు 19
గాలి: నైరుతి. బయటికెళ్ళిన పడవలు: ఒకటి. తిరిగిరాలేదు.

రోజూ సూది ఇస్తున్నాను. రోజూ తిరిగిచ్చేస్తున్నాడు.

డాక్టరమ్మని అడిగాను. ఈ జబ్బులో ఎటూ పోయేదే, ఈ నెల కాకపోతే వచ్చే ఏడు అంది. నిజమే కావచ్చు. ఒక్క ఏడు ఉండేదేమో. పదేళ్ళు ఉండేదేమో. నోము పట్టకపోతే ఏమయ్యేదో ఇక ఎవరూ చెప్పలేరు. అప్పలకొండ అత్త కళ్ళజోడు పెట్టుకుంటే మళ్ళీ కనపడింది, కాసులమ్మ నాన్న పళ్ళు పెట్టుకుంటే మళ్ళీ నమిలాడు. నేను దాచింది అలాంటిది కాదని నాకు తట్టలేదు. రేవులో పుట్టి పెరిగి, ముడి పోదని నమ్మిన ముండని.

నమోదు 13. ఆగస్టు 24
గాలి: పడమర. బయటికెళ్ళిన పడవలు: ఒకటి. తిరిగిరాలేదు.

తోడు వచ్చింది. బూడిదరంగు, చక్రాల మీద నడుస్తుంది, రెండు చేతులు, అరచేతులకి మెత్తటి రబ్బరు. తిట్టడానికేమీ లేదు, పని బాగా చేస్తుంది. ఈయన్ని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, వేడి చూసుకుని నీళ్ళు పోసి, ఒళ్ళు తుడిచి, లాల్చీ తొడిగింది. నేను ఊరికే కూర్చుని చూశాను. కడుపు నొప్పి లేకుండా గడిచిన పొద్దు ఇదే.

పది గంటలకి, "ఇప్పుడు చేతుల వ్యాపకం సమయమండి" అంది. అదీ పద్దెనిమిది గంటల్లో భాగమేనట. దాని పొట్టలో ఈయన చరిత్రంతా ఉంది. "వీరి పాత వృత్తి వల అల్లకం. అది చేయిస్తే చేతులు చురుగ్గా ఉంటాయి. దీన్ని అశ్రద్ధ చేయకూడదండి."

నాకు నవ్వొచ్చింది. ఎంత నవ్వొచ్చిందంటే కడుపు పట్టుకుని కూలబడ్డాను. "మీకు సహాయం కావాలా?" అని అడిగింది యంత్రం.

పెట్టెలోంచి రెండో దారం ఉండ తీసిచ్చాను. ఈయన సూది పట్టుకోకపోతే, చూపించి నేర్పడం దాని పద్ధతట. మేకు పక్కనే ఇంకో మేకు కొట్టి తనే అల్లడం మొదలెట్టింది. ఒక్క ముడి తప్పు పోలేదు. చప్పుడూ లేదు. ఈయన కన్నార్పకుండా దాని చేతులకేసే చూశాడు. చాలాసేపటికి నా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవురమ్మా ఆయన? మంచి పనోడు."

నమోదు 14. సెప్టెంబరు 6
గాలి: పడమర, తేలిక. బయటికెళ్ళిన పడవలు: ఒకటి.

వ్యాపకం గంట నమోదు కాకపోతే వచ్చే వారం ఒక గంట కోత. అందుకని రోజూ పదింటికి అది అల్లుతుంది, ఈయన చూస్తాడు. గంటలో ఉండ అయిపోతుంది. మధ్యాహ్నం నేను కూర్చుని విప్పుతున్నాను, మర్నాటికి దారం ఉండాలి కదా. దాని ముడులు నొక్కినా వదులవ్వవు. గోళ్ళు విరిగాయి. దారం అక్కడక్కడా తెగి, మొదటి ఉండలో మిగిలిన దారంతో సహా ఇవాళ్టికి ముక్కలే మిగిలాయి.

"దారం లేదండి" అంది తోడు. రబ్బరు వేలు చాపి మొదటి మేకున ఉన్న సగం వల చూపించింది. కింద ఈయన అల్లిన నాలుగు వరసలు. "అది విప్పితే మూడు వారాలకు సరిపోతుందండి."

"అది ముట్టుకోకు."

"ఈ గంట నమోదు కాదండి."

"కాకపోతే పీడాపోయె."

"సంరక్షకురాలు సహకరించలేదని రాయవలసి వస్తుందండి."

"రాసుకో. పుస్తకాలు నా దగ్గరా ఉన్నాయి."

అది మూలకి వెళ్ళి నిలబడింది. నేను ఈయన పక్కన కూర్చున్నాను. బొడ్లోంచి పమిట చెంగు తీసి, కొసన మూడు పోగులు లాగి, ఆయన వేళ్ళ మధ్య పెట్టాను. నోము నాలుగో రోజు కట్టిన చీరే ఇది, ఆ రోజు ఆయన వేసిన ముడి అక్కడే ఉంది, విప్పలేదు. దాని పక్కన ఇంకొకటి వేస్తాడేమోనని చూశాను. చెంగు పట్టుకున్నాడు గానీ, ఎవరో పట్టుకోమని ఇస్తే పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. వేళ్ళు కదల్లేదు. కిటికీలోంచి సముద్రం వైపు చూస్తున్నాడు.

చాలాసేపు చూసి చూసి నేనే "ఊఁ" అన్నాను.

తిరిగొచ్చిన పడవలు: లేవు.